స్టూడెంట్ మ్యూజిక్ వీడియోకి ప్రేక్షకుల ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకోవాలి?

వీడియో పూర్తికాగానే స్నేహితులను కూర్చోబెట్టి చూపిస్తాం. చివర్లో "ఎలా ఉంది?" అని అడుగుతాం. "సూపర్" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. మీరు ఎంత కష్టపడి తీశారో వాళ్లకు తెలుసు. మీ మొహం చూస్తూ బాగాలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఆ "సూపర్" పట్టుకుని ఎడిటింగ్‌కి కూర్చుంటే చేయడానికి పనేమీ దొరకదు. రెండో చరణంలో ఏ షాట్ తగ్గించాలి, కథలో ఆ రెండో మనిషి ఎవరో అర్థమైందా, మొదటి ఇరవై సెకన్లకే చూసేవాళ్లకు ఆసక్తి పుట్టిందా, ఇవేవీ ఆ ఒక్క మాటలోంచి తెలియవు.

ఫీడ్‌బ్యాక్ విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. తాము ఏం చూశారో, ఏ క్షణంలో ఏమనిపించిందో ప్రేక్షకులు బాగా చెప్పగలరు. ఏం మార్చాలో తేల్చుకోవాల్సింది మాత్రం తీసినవాళ్లే. ఈ రెండు పనులూ కలగాపులగం కాకుండా చూసుకుంటే, ఐదారుగురితో కూడా మీ వీడియో గురించి చాలా తెలుసుకోవచ్చు. కలిసిపోతే మాత్రం యాభై మందిని అడిగినా గందరగోళమే మిగులుతుంది.

ముందు, ఎప్పుడు చూపించాలో నిర్ణయించుకోండి

కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం), టైటిల్స్ అన్నీ అయ్యాక చూపించడం ఎక్కువమంది చేసే పని. అప్పటికి మార్చే ఓపికా ఉండదు, టైమూ ఉండదు. వచ్చిన మాటలన్నీ రిపోర్టులో రాసుకోవడానికే పనికొస్తాయి. అందుకే అప్పగించాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. రఫ్ కట్ (షాట్లు వరసగా పేర్చిన తొలి ఎడిట్) చూపించే రోజుకీ చివరి తేదీకీ మధ్య కనీసం రెండు వారాలు ఉంచుకోండి. ఆ రెండు వారాల మధ్యలో ఇంకోసారి చూపించే రోజు పెట్టుకోండి.

వీలైతే షూటింగ్‌కి ముందే ఒకసారి చూపించండి. స్టోరీబోర్డ్ బొమ్మలను ఫోన్‌తో ఫొటోలు తీసి, పాట ట్రాక్ మీద వరసగా పేర్చితే చాలు. బొమ్మలు వంకరగా ఉన్నా పర్వాలేదు. అది చూసి ఇద్దరు ముగ్గురు "ఈ అమ్మాయి ఎందుకు వెనక్కి వచ్చింది?" అని అడిగారంటే, ఇంకా ఏమీ తీయకముందే ఒక లోటు తెలిసినట్టు. అదే ప్రశ్న షూటింగ్ అయిపోయాక వస్తే నటీనటులను మళ్లీ పిలవాలి, అవే బట్టలు వెతకాలి, అదే వెలుతురు కోసం కాచుక్కూర్చోవాలి.

అన్నిటికన్నా విలువైనది మాత్రం రఫ్ కట్ ప్రదర్శనే. షాట్ల వరస, నిడివి కుదిరాయి, రంగులూ ఎఫెక్టులూ ఇంకా వేయలేదు అన్న దశ అది. చూసేవాళ్లకు కూడా "ఇంకా పూర్తి కాలేదు" అని తెలుస్తుంది కాబట్టి నోరు విప్పడానికి మొహమాటపడరు. మెరుగులు దిద్దిన వీడియోని తప్పుపట్టడం కష్టం.

మీరు ఏం చెప్పాలనుకున్నారో కాగితం మీద పెట్టండి

ఎవరికీ చూపించకముందే ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి: కథ రెండు వాక్యాల్లో, చూశాక మిగలాల్సిన భావం, పాడే మనిషి గురించి కలగాల్సిన అభిప్రాయం, ఎవరూ మిస్ కాకూడదని మీరు అనుకునే ఒకే ఒక్క షాట్. రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. ఇది రాయకుండా ఫీడ్‌బ్యాక్‌కి వెళ్తే ప్రేక్షకులు ఏం చెప్పినా "నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది. మన మనసు అంత సులువుగా సర్దుకుపోతుంది.

మీడియా కోర్సులో ఉన్నవాళ్లకు ఇక్కడ బ్రిటన్ సాంస్కృతిక సిద్ధాంతకర్త స్టూవర్ట్ హాల్ గుర్తురావాలి. 1973లో ఆయన చెప్పిన దాని ప్రకారం, తీసినవాళ్లు తాము తీసినదాంట్లో పెట్టిన అర్థాన్ని చూసేవాళ్లు మూడు రకాలుగా అందుకుంటారు. ఉన్నదున్నట్టు ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత తమ అనుభవంతో సర్దుకోవచ్చు, అర్థం చేసుకుని కూడా వ్యతిరేకించవచ్చు. ఇది పరీక్షలో రాసి వదిలేసే సిద్ధాంతం కాదు, మన పనికి బాగా ఉపయోగపడుతుంది.

మీ వీడియోలో ఒక అమ్మాయి పాడటం కోసం ఇల్లు వదిలి వెళ్తుందనుకుందాం. ఒకరు "ధైర్యం ఉన్న పిల్ల" అన్నారు. ఇంకొకరు "ధైర్యమే, కానీ గుమ్మంలో నిలబడ్డ నాన్నని చూస్తే బాధేసింది" అన్నారు. మూడో మనిషి "చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం తప్పు" అన్నారు. ముగ్గురికీ కథ అర్థమైంది. మీ వీడియో తన పని చేసింది, తీర్పులు వాళ్లవి. నాలుగో మనిషి "గుమ్మంలో ఉన్నది ఎవరు? ఇంటి ఓనరా?" అని అడిగితే అది వేరే సంగతి. అక్కడ అర్థమే చేరలేదు. అర్థం కాకపోతే సరిచేయాల్సింది మీరు. ఒప్పుకోకపోతే సరిచేయాల్సిన పనే లేకపోవచ్చు. ఫీడ్‌బ్యాక్ చదివేటప్పుడు ఈ తేడా పట్టుకోలేనివాళ్లు బాగున్న సీన్లు తీసేసి, అర్థంకాని సీన్లు అలాగే ఉంచేస్తారు.

ఎవరిని పిలవాలి

ఆ రకం సంగీతం వినేవాళ్లు మీ అసలు ప్రేక్షకులు. ర్యాప్ పాటకి వీడియో తీసి, ర్యాప్ అంటేనే చిరాకుపడేవాళ్లను అడిగితే పాట మీద కోపం వీడియో మీద చూపిస్తారు. పిలిచినవాళ్లలో సగానికి పైగా ఆ పాటలు ఇష్టంగా వినేవాళ్లు ఉండాలి. మిగిలిన ఒకరిద్దరు బయటివాళ్లయితే మంచిదే. పాటతో పరిచయం లేని మనిషికి కూడా కథ అందిందంటే దృశ్యాలు బలంగా ఉన్నట్టు.

షూటింగ్‌లో ఉన్నవాళ్లను, కథ ముందే విన్నవాళ్లను, పక్కన కూర్చుని ఎడిటింగ్ చూసినవాళ్లను ఈ లెక్కలోకి తీసుకోవద్దు. తెర మీద లేనిది కూడా వాళ్లకు కనబడుతుంది. సాటి ఫిల్మ్ విద్యార్థుల సంగతి ఇంకో రకం. వాళ్లు కటింగ్, ఫోకస్, లైటింగ్ గురించి చక్కగా చెప్తారు కానీ మామూలు ప్రేక్షకుల్లా చూడలేరు. వాళ్ల మాటలు తీసుకోండి, వేరే పేజీలో రాసుకోండి.

సంఖ్య గురించి పెద్ద టెన్షన్ వద్దు. మొదటి విడతకు ఐదారుగురు చాలు. పెద్ద సమస్యలు ఐదారుగురిలోనే ఒకటికి రెండుసార్లు బయటపడతాయి. ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, తెలిసినవాళ్లందరికీ మొదటి రోజే చూపించేయొద్దు. ఒక మనిషి మీ వీడియోని మొదటిసారి చూడటం అనేది ఒక్కసారే జరుగుతుంది. మార్పులు చేశాక కొత్త కళ్లు కావాలి. అందుకే సగంమందిని రెండో విడతకు దాచుకోండి. అప్పటిదాకా వాళ్లకు లింక్ కాదు కదా, పోస్టర్ కూడా పంపకండి.

చూపించే కాపీ సిద్ధం చేయడం

మొదటి పని, తెర మూలలో టైమ్‌కోడ్ (వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను నడుస్తోందో చూపే అంకెలు) కనిపించేలా ఒక కాపీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో దీనికి ఎఫెక్ట్ ఉంటుంది. "మధ్యలో ఎక్కడో" అనే మాట "1:42 దగ్గర"గా మారడానికి ఇదొక్కటే మార్గం. మొదటిసారి చూడటానికి మాత్రం టైమ్‌కోడ్ లేని కాపీయే వాడండి. అంకెలు పరిగెడుతుంటే కళ్లు అటే పోతాయి. రెండు కాపీలూ చేసి ఉంచుకోండి.

ఇంకా తీయని షాట్ ఉంటే ఆ చోట ఖాళీ నలుపు వదలకుండా "ఇక్కడ మేడ మీద షాట్ వస్తుంది" అని ఒక కార్డు పెట్టండి.

లిప్ సింక్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మ్యూజిక్ వీడియోల్లో ప్రేక్షకులు వెంటనే పట్టేసేది ఇదే. పెదాల కదలిక, గొంతు ఎంత తేడాగా ఉంటే మనిషికి తెలుస్తుందో టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్కలు ఇచ్చింది. శబ్దం దృశ్యం కన్నా దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా చూసేవాళ్లు పసిగడతారు. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే శబ్దం రెండు ఫ్రేములు ముందుకు జరిగితే చాలు, దొరికిపోతారు. వెనక్కి మాత్రం మూడు ఫ్రేముల దాకా చాలామందికి తెలియదు. దూరంగా జరిగేదేదైనా ముందు కనబడి తర్వాత వినబడటం మనకు అలవాటు కాబట్టి ఆలస్యాన్ని మెదడు క్షమిస్తుంది, తొందరని క్షమించదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, బ్లూటూత్ స్పీకర్లలోనూ ఇయర్‌ఫోన్లలోనూ శబ్దం ఆలస్యంగా వస్తుంది. కొన్ని ప్లేయర్లు ఆ తేడాని సర్దుతాయి, కొన్ని సర్దవు. మీ ఎడిట్ సరిగ్గానే ఉన్నా, స్పీకర్ వల్ల వచ్చిన తేడాని ప్రేక్షకులు "పెదాలు కుదరలేదు" అని రాస్తారు. మీరు బాగున్నదాన్ని పాడుచేసుకుంటారు. కాబట్టి వైరు ఉన్న స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు వాడండి. ప్రేక్షకులు రాకముందే అదే గదిలో, అదే పరికరం మీద ఒకసారి పూర్తిగా వేసి చూసుకోండి.

దూరంగా ఉన్నవాళ్లకు పంపాలంటే వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపొద్దు, అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లే చూడగలిగేలా) పెట్టడం ఇంకో దారి. అప్‌లోడ్ చేసిన వెంటనే తక్కువ నాణ్యతలోనే కనబడుతుంది, హెచ్‌డీ వచ్చేదాకా ఆగి లింక్ పంపండి. పాట మీ సొంతం కాకపోతే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి వీడియో ఆగిపోవచ్చు. అన్‌లిస్టెడ్ అయినా ఆ తనిఖీ తప్పదు కాబట్టి ఒకరోజు ముందే పెట్టి చూసుకోండి. ఎవరు ఫోన్‌లో చూశారో, ఎవరు పెద్ద స్క్రీన్‌లో చూశారో తప్పకుండా అడగండి. చీకటి సీన్లు ఫోన్‌లో, అందులోనూ ఎండలో, ఏమీ కనబడవు. "అర్థం కాలేదు" అన్న మాటకు కారణం కథ కాకుండా స్క్రీన్ వెలుగు కావచ్చు.

చూపించేటప్పుడు మీరు చేయాల్సింది

మాట్లాడకుండా ఉండటం. వినడానికి తేలికే, చేయడం చాలా కష్టం. "ఇది ఇంకా ఫైనల్ కాదు", "ఈ షాట్ కెమెరా కదిలింది, పట్టించుకోకండి", "ఇక్కడ నా ఐడియా ఏంటంటే" లాంటి మాటలు నోటిదాకా వస్తాయి. ఒక్కటి జారినా ఆ ప్రేక్షకుడి చూపు మారిపోతుంది. మొదలుపెట్టే ముందు ఇంతే చెప్పండి: "నాలుగు నిమిషాల మ్యూజిక్ వీడియో ఇది, ఇంకా ఎడిటింగ్‌లో ఉంది. మధ్యలో ఆపకుండా చూడండి. అయ్యాక కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మీకు ఏం నచ్చలేదో చెప్తే నాకు చాలా ఉపయోగం." చివరి వాక్యం ముఖ్యం. నచ్చలేదని చెప్పడానికి అది అనుమతి ఇస్తుంది.

డైరెక్టర్ కాకుండా వేరొకరు ఈ కార్యక్రమం నడిపితే ఇంకా మంచిది. టీమ్‌లోని వాళ్లయినా సరే, "నేను తీయలేదండీ, ఫీడ్‌బ్యాక్ రాసుకోవడానికి వచ్చాను" అనగలిగే మనిషి ఉంటే ప్రేక్షకులు మొహమాటం లేకుండా మాట్లాడతారు.

మొదటిసారి వేసినప్పుడు మీరు తెర చూడొద్దు, వాళ్లను చూడండి. పక్కగా కూర్చుని, చేతిలో చిన్న కాగితం పెట్టుకోండి. ఎవరైనా ఫోన్ తీశారా, కుర్చీలో కదిలారా, నవ్వారా, పక్కవాళ్ల వైపు చూశారా, కాలు తాళం వేసిందా? టైము వేసి రాసుకోండి. తర్వాత వాళ్లు రాసే జవాబుల కన్నా ఈ గుర్తులు ఎక్కువ నిజం చెప్తాయని నా అభిప్రాయం. "బోర్ కొట్టలేదు" అని రాసిన మనిషే 2:10కి వాచీ చూసుకుని ఉండవచ్చు.

తర్వాత టైమ్‌కోడ్ ఉన్న కాపీ వేసి, ఈసారి పెన్ను ఇవ్వండి. "ఎక్కడ ఆసక్తి పెరిగితే అక్కడ ప్లస్, ఎక్కడ తగ్గితే అక్కడ మైనస్, అర్థం కాకపోతే ప్రశ్న గుర్తు. పక్కన టైము రాయండి, కారణం రాయక్కర్లేదు" అని చెప్పండి. కారణాలు రాయమంటే చూడటం మానేసి రాస్తూ కూర్చుంటారు.

టైముంటే ఇంకో చిన్న పరీక్ష. వీడియో అసలు చూడని ఒకరికి సౌండ్ తీసేసి వేయండి. కథ ఎంత చెప్పగలిగారో వినండి. పాట సాహిత్యం మోసుకెళ్తున్న భారం ఎంత, దృశ్యాలు మోస్తున్నది ఎంత అని దీంతో స్పష్టంగా తేలుతుంది. డాన్స్ లేదా బ్యాండ్ ప్రదర్శన మీదే నడిచే వీడియోలకు ఈ పరీక్ష అక్కర్లేదు.

ప్రశ్నలు ఎలా వేయాలి

వరస చాలా ముఖ్యం. ముందు గుర్తున్నది అడగాలి, తర్వాత అనిపించింది, ఆ తర్వాతే మీకు అనుమానం ఉన్న విషయాలు. "ఎర్ర స్కార్ఫ్ గమనించారా?" అని ముందే అడిగితే, గమనించనివాళ్లు కూడా గమనించినట్టే అనుకుంటారు. గూగుల్ ఫామ్ వాడుతుంటే ప్రశ్నలన్నీ ఒకే పేజీలో పెట్టకుండా సెక్షన్లుగా విడగొట్టండి, తర్వాత రాబోయే ప్రశ్న ముందే కనబడకూడదు. ఈమెయిల్ ఐడీ, పేరు అడగకండి. ఎవరు రాశారో తెలియదంటేనే మనసులో మాట వస్తుంది.

మొదటి సెక్షన్‌కి నేనైతే ఇవి పెడతాను:

- ఈ వీడియోలో ఏం జరిగిందో, చూడని స్నేహితుడికి చెప్తున్నట్టు రెండు మూడు వాక్యాల్లో రాయండి.
- కళ్లు మూసుకుంటే ముందు గుర్తొచ్చే షాట్ ఏది?
- పాడిన మనిషి ఎలాంటి వ్యక్తి అనిపించింది?
- ఎక్కడైనా మీ ధ్యాస పక్కకు పోయిందా? దాదాపు ఏ చోట?
- అర్థం కానిది ఏదైనా ఉందా?

ఇందులో ఒక్కటి కూడా "బాగుందా" అని అడగడం లేదు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుని మీరు ముందే రాసి దాచుకున్న కాగితంతో పక్కపక్కన పెట్టి చదవండి. ఫీడ్‌బ్యాక్ మొత్తంలో సగం విలువ అక్కడే ఉంటుంది.

రెండో సెక్షన్‌లో అంకెల ప్రశ్నలు పెట్టొచ్చు. ఒక వాక్యం ఇచ్చి "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా ఐదు మెట్లు ఇవ్వడం అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో తెచ్చిన పద్ధతి. ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. అయితే వాక్యాలన్నీ పొగడ్తలుగా ఉంటే జనం ఒకే గీతలో టిక్ పెట్టుకుంటూ పోతారు. "కటింగ్ పాట లయకు సరిపోయింది" అని ఒకటి పెడితే, "చివరి చరణం సాగదీసినట్టు ఉంది" అని ఇంకొకటి పెట్టండి. చదివి ఆలోచించి పెట్టాల్సి వస్తుంది.

ఒక ప్రశ్నలో రెండు విషయాలు కలపొద్దు. "లొకేషన్లు, కాస్ట్యూమ్స్ పాటకు నప్పాయా?" అంటే లొకేషన్ నచ్చి బట్టలు నచ్చనివాళ్లు ఏం రాయాలి? అలాగే జవాబుని నోట్లో పెట్టే ప్రశ్నలు వద్దు. "ఆ క్లైమాక్స్ షాట్ ఎంత ఎమోషనల్‌గా అనిపించింది?" అనే ప్రశ్నలో అది ఎమోషనల్ అని మీరే తేల్చేశారు. "చివరి షాట్ చూసినప్పుడు ఏమనిపించింది?" చాలు.

మొత్తం పది ప్రశ్నలు దాటొద్దు. నాలుగు నిమిషాల వీడియోకి పావుగంట ఫామ్ పెడితే సగం నుంచి "బాగుంది", "ఓకే" అని రాసేస్తారు. చివర్లో రెండు వివరాలు తీసుకోండి: ఇలాంటి పాటలు ఎంత తరచుగా వింటారు, టీమ్‌లో ఎవరైనా తెలుసా. జవాబులను బేరీజు వేసేటప్పుడు ఈ రెండూ కావాలి.

గుంపుగా మాట్లాడించేటప్పుడు

ఐదారుగురు ఒకేచోట ఉంటే చర్చ బాగా సాగుతుంది, కానీ ముందు మాట్లాడిన గొంతే అందరి అభిప్రాయం అయిపోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు ఫామ్ నింపించండి, తర్వాతే నోరు తెరవనివ్వండి. రాసుకున్న మాటను వదులుకోవడం ఎవరికైనా కష్టం. తక్కువ మాట్లాడేవాళ్లను ముందు అడగండి.

చర్చ నడపడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లర్మన్ 1990లో రూపొందించినది. నాలుగు అంచెలు ఉంటాయి. మొదట చూసినవాళ్లు తమను ఏది తాకింది, ఏది గుర్తుండిపోయింది అన్నది మాత్రమే చెప్తారు. తర్వాత కళాకారులు తమ ప్రశ్నలు అడుగుతారు. మూడో అంచెలో చూసినవాళ్లు తీర్పు లేని ప్రశ్నలు వేస్తారు. "అంత చీకటి ఎందుకు?" అంటే అందులో తీర్పు ఉంది, "వెలుతురు విషయంలో ఏం అనుకుని తీశారు?" అంటే లేదు. చివరికి "ఎడిటింగ్ మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా?" అని అడిగి, మీరు సరేనంటేనే చెప్తారు. కొత్తగా వీడియో తీసిన పిల్లలు మొదటి విమర్శకే ముడుచుకుపోకుండా ఇది కాపాడుతుంది. వినే స్థితిలో ఉన్నప్పుడే ఏ మాటైనా చెవికెక్కుతుంది.

ఎవరో ఒకరు తప్పకుండా పరిష్కారంతోనే మొదలుపెడతారు. "అక్కడ స్లో మోషన్ పెట్టాల్సింది", "డ్రోన్ షాట్ ఉంటే అదిరిపోయేది." కొట్టిపారేయకండి, ఒప్పేసుకోనూ వద్దు. "ఏ చోట అలా అనిపించింది? అప్పుడు ఏం లోటుగా ఉంది?" అని అడగండి. కాసేపటికి "ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో చూసేలోపే షాట్ అయిపోయింది" అని అసలు సంగతి బయటికొస్తుంది. అది పనికొచ్చే సమాచారం. దానికి మందు స్లో మోషనే కానక్కర్లేదు, ఆ షాట్‌ని ఒక సెకను ఎక్కువ ఉంచితే సరిపోవచ్చు. ఈ మాటల మధ్య మీరు సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడితే చర్చ అక్కడితో ఆగిపోతుంది. "ఇంకా చెప్పండి" అన్న రెండు మాటలు చాలు. కథ అర్థం అడిగితే "ముందు మీరేమనుకున్నారో చెప్పండి, వెళ్లేముందు నేను చెప్తాను" అనండి. వెళ్లేముందు నిజంగా చెప్పండి.

వచ్చినదాన్ని ఎలా చదవాలి

అదే రోజు రాత్రి కూర్చోవద్దు. మనసు నొచ్చుకుని ఉంటుంది, లేదా పొంగిపోయి ఉంటుంది. మర్నాడు ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి టైము, అన్న మాట, ఎవరన్నారు, ఏ రకం, ఏం చేస్తాం అని ఐదు కాలమ్‌లు పెట్టండి. పేర్ల బదులు పీ1, పీ2 అని సంకేతాలు వాడండి. మీరు గమనించిన ఫోన్ చూడటాలు, నవ్వులు, ప్లస్ మైనస్ గుర్తులు అన్నీ అందులోకే ఎక్కించండి. తర్వాత టైము ప్రకారం వరస పెట్టండి. ఎక్కడ గుంపుగా పడ్డాయో కళ్లకు కడుతుంది.

ఒకే చోట ముగ్గురు ఆగారంటే అక్కడ సమస్య ఉన్నట్టే, ముగ్గురూ చెప్పిన కారణాలు వేరైనా సరే. ఒకరు "లాగ్", ఇంకొకరు "అదే లొకేషన్ మళ్లీ వచ్చింది", మూడో వాళ్లు "కొంచెం కన్ఫ్యూజింగ్" అని ఉండవచ్చు. కారణం చెప్పడంలో ప్రేక్షకులు తరచుగా పొరబడతారు, చోటు చూపించడంలో అరుదుగా పొరబడతారు.

ఇక్కడే ఎడిటర్‌గా మీ తెలివి వాడాలి. ఫిర్యాదు వచ్చిన చోటే తప్పు ఉందని అనుకోకండి. 2:10 దగ్గర బోర్ కొట్టిందంటే, 1:30 నుంచి అన్నీ ఒకే సైజు మిడ్ షాట్లు (నడుము నుంచి పైకి చూపేవి) వరసగా వచ్చి అక్కడికి ఓపిక అయిపోయి ఉండవచ్చు. 2:10 దగ్గర కోస్తే లాభం లేదు, 1:30 దగ్గర ఒక క్లోజప్ పడాలి. చివరి మలుపు అర్థం కాలేదంటే, 0:20లో ఆ మనిషి మొహం నీడలో ఉండి ఎవరికీ గుర్తులేకపోవడం అసలు కారణం కావచ్చు. ఫిర్యాదు నుంచి వెనక్కి నడుస్తూ, పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు ఏం చూపించారు, రెండోసారి అదే చూపించారా, కొత్తగా ఏమైనా కలిపారా అని చూడండి. పాటలో పల్లవి తిరిగి రావడం అందంగా ఉంటుంది. దృశ్యం మార్పు లేకుండా తిరిగి వస్తే విసుగ్గా ఉంటుంది.

ఒక్కరే చెప్పిన మాటను పడేయకండి. ఆ చోటు మీద మీకూ లోపల అనుమానం ఉండి ఉంటే అది రెండు ఓట్లతో సమానం. ఇద్దరికి నచ్చి ఇద్దరికి నచ్చని సీన్ ఉంటే ఆ పాటలు వినేవాళ్లు ఏ వైపు ఉన్నారో చూడండి. ఆ రకం సంగీతం తెలిసినవాళ్లకు నచ్చిందంటే ఉంచేయడమే నయం. అందరికీ ఓ మాదిరిగా అనిపించే వీడియో కన్నా కొందరికి గట్టిగా నచ్చే వీడియో మేలు.

ఆరుగురిని అడిగి "83 శాతం మందికి నచ్చింది" అని పై చార్టు (శాతాలను ముక్కలుగా చూపే గుండ్రటి బొమ్మ) గీయకండి. "ఆరుగురిలో ఐదుగురు" అని రాయడమే నిజాయితీ. ఆన్‌లైన్‌లో ఎక్కువమంది చూసి ఉంటే యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎక్కడిదాకా ఉన్నారో చూపే గ్రాఫ్ ఉంటుంది. గీత ఎక్కడ కిందికి జారిందో, మళ్లీ వెనక్కి వెళ్లి చూసిన చోట ఎక్కడ పైకి లేచిందో గమనించండి. చూసినవాళ్లు కొద్దిమందే అయితే ఆ గ్రాఫ్ మీద ఆధారపడొద్దు. ఎంతమంది చూసినా అది ఎక్కడ వెళ్లిపోయారో చెప్తుంది, ఎందుకు వెళ్లారో చెప్పదు. దానికి మనుషులతో మాట్లాడాల్సిందే.

మార్చండి, మళ్లీ చూపించండి

పాత టైమ్‌లైన్ మీద చేయి పెట్టకముందే దానికి కాపీ తీసి కొత్త పేరు పెట్టండి. కథ అర్థం కావడానికి అడ్డుపడేవి ముందు సరిచేయండి, తర్వాత వేగం, ఆ తర్వాతే రంగులూ మెరుగులూ. మళ్లీ షూట్ చేసే వీలు లేనిచోట కూడా దారులున్నాయి. షాట్ల వరస మార్చొచ్చు, ఫ్రేమ్‌ని క్రాప్ చేసి మొహం దగ్గరగా చూపించొచ్చు, వస్తువు క్లోజప్ ఒకటి ఫోన్‌తో తీసి ఇరికించొచ్చు.

మొదటి ఇరవై సెకన్ల విషయంలో తేల్చుకోలేకపోతే రెండు రకాలుగా ఎడిట్ చేసి, వేర్వేరు మనుషులకు ఒక్కొక్కటి చూపించండి. ఒకే మనిషికి రెండూ చూపిస్తే రెండోది చూసేసరికి కథ తెలిసిపోయి ఉంటుంది.

దాచుకున్న ప్రేక్షకుల అవసరం ఇప్పుడే. అదే గది, అవే స్పీకర్లు, అవే ప్రశ్నలు. ఈసారి ప్రశ్నలు మార్చితే మొదటి విడతతో పోల్చడం కుదరదు. గుమ్మంలో ఉన్నది నాన్న అని ఇప్పుడు అందరికీ తెలిసిందా, 2:10 దగ్గర మైనస్‌లు తగ్గాయా, ఒకటి బాగుచేయబోయి ఇంకొకటి పాడైందా అన్నవే చూడాల్సినవి. మూడో విడత సాధారణంగా అవసరం రాదు.

ప్రాజెక్ట్ రిపోర్టు కోసం

మాటలు రికార్డ్ చేసేముందు అనుమతి తీసుకోండి, ఎందుకు వాడతారో చెప్పండి. మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి. రిపోర్టులో పేర్లు, ఫొటోలు వద్దు, సంకేతాలు చాలు.

ఫామ్ జవాబులన్నీ అతికించి పేజీలు నింపే బదులు నాలుగైదు ముఖ్యమైన చోట్లు ఎంచుకుని ఒక్కోదాని కథ పూర్తిగా చెప్పండి. ప్రేక్షకులు అన్న మాట వాళ్ల మాటల్లోనే, మీరు కనిపెట్టిన కారణం, చేసిన మార్పు, పాత ఫ్రేమ్ కొత్త ఫ్రేమ్ పక్కపక్కన, రెండో విడతలో వచ్చిన స్పందన. మీరు ఒప్పుకోని సూచనలకు కూడా చోటివ్వండి. చివరి షాట్‌లో తలుపు మూసుకుందో లేదో చూపించమని ముగ్గురు అడిగి ఉండవచ్చు. ఆ అమ్మాయి తిరిగొస్తుందా లేదా అన్నది తెలియకూడదని మీరు మొదటి రోజే కాగితం మీద రాసుకుని ఉంటే, ఆ షాట్‌ని ఎందుకు అలాగే ఉంచారో ఆ కాగితం ఫొటోతో సహా రాయండి.